నెమియా క్రీడలు, ఒఫెల్టెస్ సమాధి

దక్షిణ గ్రీసులోని ఆర్గోస్ నగరానికి ఉత్తరాన ఉన్న నెమియా లోయలో ప్రాచీన గ్రీకులు రెండేళ్లకొకసారి జరుపుకొన్న క్రీడోత్సవానికి, అక్కడి ఐతిహ్యం ప్రకారం, ఒఫెల్టెస్ అనే పసిబిడ్డ అంత్యక్రియలే మూలం. ఇతడు నెమియాలో జ్యూస్ దేవుని పూజారి అయిన లైకర్గస్ కుమారుడు. నడక వచ్చేదాకా బిడ్డను నేల మీద దించరాదని దైవవాణి హెచ్చరించింది. దాది హిప్సిపిలే ఒకప్పుడు లెమ్నోస్ ద్వీపానికి రాణి. ద్వీపంలోని స్త్రీలు పురుషులందరినీ చంపినప్పుడు తండ్రిని రహస్యంగా కాపాడి, ఆ కారణంగానే దాసిగా అమ్ముడుపోయిన మనిషి. థీబ్స్ నగరంపై దండెత్తి వెళుతున్న ఏడుగురు నాయకులు నీళ్లడిగితే, ఆమె దైవవాణిని మరువక, బిడ్డను ఒత్తుగా పెరిగిన అడవి సెలరీ ఆకుల మీద పడుకోబెట్టి ఊట చూపడానికి వెళ్లింది. ఇంతలో ఆ ఊటను కాచే సర్పం బిడ్డను చంపింది.

నాయకులలో ఒకడైన జోస్యుడు ఆంఫియరాస్ ఈ మరణాన్ని తమ వినాశనానికి శకునంగా గ్రహించి, బిడ్డకు చావుకు ఆది అనే అర్థంలో ఆర్కెమోరస్ అని పేరు పెట్టాడు. ఆ దండయాత్ర నుండి ఒక్క అడ్రాస్టస్ మాత్రమే ప్రాణాలతో తిరిగి వచ్చాడు. యూరిపిడీస్ రాసిన 'హిప్సిపిలే' నాటకంలో, దాదిని చంపబోయిన తల్లిని ఆంఫియరాసే శాంతింపజేస్తాడు. చాలాకాలం కనుమరుగైన ఈ నాటకపు శకలాలు ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో పపైరస్ పత్రాలపై లభించి 1908లో ప్రచురితమయ్యాయి.

కథలో ఈ బిడ్డ ఇతరుల చావుకు సూచనగా మిగిలిపోగా, నెమియా ఆచారం మాత్రం అతని మరణాన్నే తలచుకొంది. క్రీ.పూ. 573 నుండి లెక్కకు వచ్చే ఆ క్రీడలలో న్యాయనిర్ణేతలు సంతాపసూచకంగా నల్లని వస్త్రాలు ధరించేవారు. విజేతకు పెట్టే కిరీటం కూడా బిడ్డ పడుకొన్న సెలరీతో అల్లినదే, గ్రీకులు సమాధులపై ఉంచే ఆకు కూడా అదే. ఉత్సవమంతటా గెలుపుకూ దుఃఖానికీ ఒకే గుర్తును వాడడం ఈ ఆచారంలోని అసలైన లోతు.

క్రీ.శ. 2వ శతాబ్దంలో అక్కడికి వెళ్లిన యాత్రికుడు పౌసానియస్, జ్యూస్ ఆలయపు పైకప్పు కూలిపోయిందనీ, విగ్రహం లేదనీ చెబుతూ, ఒఫెల్టెస్ సమాధినీ దాని చుట్టూ ఉన్న రాతి ప్రాకారాన్నీ లోపలి బలిపీఠాలనూ ప్రస్తావించాడు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1970ల నుండి జరిపిన తవ్వకాలలో ఈ వర్ణనకు సరిపోయే ప్రాకారం బయటపడింది. దాని అడుగున ఉన్న మట్టిదిబ్బ క్రీ.పూ. 6వ శతాబ్దానిదని, అంటే క్రీడలు ఆరంభమైన శతాబ్దానిదేనని, పరిశోధకులు నిర్ణయించారు.