చిరివేరు, నీలిమందు

మన కడప, కర్నూలు జిల్లాలకు సముద్రం లేదు. అలాంటప్పుడు సముద్రపుటొడ్డు ఇసుకలో మొలిచే చిరివేరు సంగతి మనకెందుకని మీరు అడగవచ్చును. కొంచెం ఓపిక పట్టండి, మన ఊరిదాకా వస్తాను.

చిరివేరు నేలబారు మొక్క. సన్నని ఆకులు, గుత్తులుగా చిన్న తెల్లపూలు. దారిన పోయేవాడు తిరిగి చూడడు. దాని విలువంతా నేలలోపలనే ఉన్నది. ఇసుకలో లోతుకు దిగే సన్నని వేరు, ఆ వేరు బెరడులో ఎర్రరంగు. విత్తి పెంచినదానికన్న తనంతట మొలిచిన వేరే మేలని అద్దకంవారు ఎంచేవారు. నూలుగుడ్డను ముందు కరక్కాయ పొడి కలిపిన ఎనుముపాలలో తడిపి ఆరవేస్తారు. తరువాత పటికనీళ్లతో బొమ్మ వేసి, చిరివేరు వేసిన నీళ్లలో ఉడికిస్తారు. పటిక తగిలినచోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. బండకు బాదినా అంత సులభంగా పోదు.

మచిలీపట్నం కలంకారీకి ఎరుపునిచ్చింది ఈ వేరే. 1611లో ఇంగ్లీషువారి గ్లోబ్ అనే ఓడ నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకు వచ్చింది. డచ్చివారు అంతకు ముందే దిగి ఉన్నారు. ఈ అద్దకపు గుడ్డలు తీసుకుపోయి తూర్పు దీవులలో మిరియాలు, లవంగాలు కొనేవారు. సామర్లకోటలో ఉండిన రాక్స్‌బరో అనే డాక్టరు 1795లో అచ్చు మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో చిరివేరుకు కూడ చోటిచ్చాడు.

ఆ తరువాత దెబ్బ తగిలింది. 1868లో గ్రేబే, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మను రసాయన శాస్త్రజ్ఞులు అలిజరిన్ అనే ఎర్రరంగును బొగ్గుతారులో దొరికే సరుకునుంచి తయారు చేశారు. చిరివేరులో ఉన్నదీ ఆ అలిజరినే. ఫ్రాన్సు దేశంలో మ్యాడర్ అనే ఎర్రవేరు పండించే రైతులు మునిగిపోయారు. మన కోస్తా ఇసుకలో వేరు తవ్వి బతికేవారికీ పని పోయింది. వారి పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక మన ఊరికి వద్దాం. కడప, కర్నూలు జిల్లాల్లో అవిరి చెట్టు వేసి నీలిమందు తీసేవారన్నది మీ పెద్దలు చెప్పే ఉంటారు. ఆకును తొట్లలో నానబెట్టి, ఆ నీళ్లను బాగా చిలికి, అడుగుకు దిగిన నీలిని ఎండబెట్టి ముద్దలు చేసేవారు. 1897లో ఒక జర్మను కంపెనీ కృత్రిమ నీలిని అంగడికి తెచ్చింది. కోస్తావారికి తగిలిన దెబ్బే ముప్పై ఏళ్లు తిరక్కముందే మనకూ తగిలిందన్నమాట! 1914లో యుద్ధం వచ్చి జర్మను రంగు ఆగిపోగానే అవిరి మళ్లీ లేచింది. యుద్ధం ముగిశాక మళ్లీ పడింది. నేను తిరిగే ఒక పల్లెలో పాత గచ్చుతొట్టిలో ఇప్పుడు గొర్రెలు నీళ్లు తాగుతున్నాయి. దాన్ని ఇప్పటికీ నీలితొట్టి అనే అంటారు.

సహజమైన రంగులు కావాలని అవిరి ఆకు అడిగేవారు ఈనాడు మళ్లీ అక్కడక్కడ కనబడుతున్నారు. వెయ్యవద్దని నేననను. అవిరి పప్పుజాతి మొక్క, నేలకు మంచిదే. కాని విత్తనం చల్లకముందే కొనేవాడెవరో, ఏ ధరకో, ఎన్నేళ్లో కాగితం మీద రాయించుకోండి. బేరం చెడితే పూత రాకముందే దున్ని మడిలో కలిపెయ్యండి, వరికి పచ్చిరొట్ట అవుతుంది. చిరివేరు తవ్వేవానికి ఆ వీలు కూడ లేకపోయింది.