సూరత్‌లో పూచీ ఎవరిది?

సూరత్‌లోని మా లింబాయత్‌లో తెలుగువాళ్లు పాత కారు కొనాలంటే చాలామంది ముందు నా దగ్గరికే వస్తారు. లోను ఫైళ్లు కట్టడం నా పని. బాపు సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ పవర్‌లూమ్ మీద బతికిండు. నేను మున్సిపాలిటీ వారి తెలుగు బడిలో చదువుకున్నాను. సిబిల్ స్కోరు బాగాలేదని తల దించుకుని కూర్చున్న డ్రైవరుకు నేను మొదట చెప్పేది ఈస్టిండియా కంపెనీ సంగతే.

1608లో వాళ్ల ఓడ తాపీ నది ముఖానికి వచ్చింది. కొన్నేళ్లకు ఇక్కడ వర్తక కొఠీ పెట్టుకున్నారు. బట్టలు, నీలిమందు కొనడానికి వెండి కావాలి, వెండి రావాలంటే లండన్ నుంచి ఓడ రావాలి. ఈలోగా 1630–32 కరువు గుజరాత్‌ను ఊడ్చిపెట్టింది. మగ్గాల దగ్గర మనుషులు లేరు. చచ్చినవాళ్లు చచ్చారు, మిగిలినవాళ్లు ఊళ్లు విడిచి పోయారు. కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. అప్పుడు వాళ్లను నిలబెట్టినవాళ్లలో పెద్దవాడు వీర్జీ వోరా అనే జైన వర్తకుడు. 1636లో రెండు లక్షల రూపాయలు ఇచ్చాడు. ఆ రోజుల్లో ఇక్కడి వడ్డీ నెలకు నూటికి రూపాయి, అటూ ఇటూగా. పాత బాకీ తీరకముందే వాళ్లు కొత్త అప్పుకు వచ్చేవారు.

అంత బాకీ ఉన్నవాళ్లకు మళ్లీ ఎందుకిచ్చాడు? వాళ్ల ఓడల్లో వచ్చే పగడాలు, మిరియాలు గంపగుత్తగా కొనేది అతనే. అతను బేరంలోకి దిగితే తక్కిన వర్తకులు జంకేవారు. గోల్కొండలో కూడా అతని మనుషులుండేవారు. అప్పు తీసుకున్నవాడి సరుకు తన గుప్పిట్లో ఉంటే, వాడి మాట మీద నమ్మకం కొంచెం తగ్గినా ఫరవాలేదు. నేడు బండి ఆర్‌సీ మీద పడే హెచ్‌పీ (తాకట్టు) ముద్రకు కూడా అర్థం అదే. 1664లో శివాజీ సేన అతని ఇంటిని కొల్లగొట్టింది. అంత దెబ్బ తగిలినా అతను మళ్లీ వ్యాపారంలోకి వచ్చాడు.

రింగ్ రోడ్ బట్టల మార్కెట్టులో పూచీకి మరో రూపం కనిపిస్తుంది. అక్కడ సరుకు ఉధార్ మీద పోతుంది. కొత్త పార్టీకి దలాల్ మాటే పూచీ. డబ్బు ఎగ్గొట్టి దుకాణం మూసేస్తే ‘ఉఠమణా’ అయిందంటారు, సాయంత్రానికల్లా మార్కెట్టంతటికీ తెలిసిపోతుంది.

బాపుకు బ్యాంకు ఖాతా కూడా ఉండేది కాదు. కారఖానా సేఠ్ అడ్వాన్సు ఇచ్చి జీతంలో కోసుకునేవాడు. కిరాణా నెలాఖరు లెక్క. అక్క పెళ్లి బీసీ ఎత్తి చేసిండు. మన చిట్టీనే ఇక్కడ బీసీ అంటారు. కుటుంబం నడిచిన అన్నేళ్లూ ఎవరికీ ఒక్క వాయిదా తప్పలేదు. సేఠ్ నోట్‌బుక్కులో ఉన్న ఆ పరువు ఏ కంప్యూటరులోకీ ఎక్కలేదు.

2000లో అప్పుల లెక్కలు రాసే సిబిల్ సంస్థ పుట్టింది, 2005లో అలాంటి సంస్థలకు చట్టం వచ్చింది. మనిషికి 300 నుంచి 900 దాకా ఒక అంకె. ఆ అంకెలో మంచి ఉంది. కులం, వాడ, దలాల్ మొహమాటం దానికి పట్టవు. కానీ లాక్‌డౌన్‌లో మగ్గాలాగి రెండు ఈఎంఐలు బౌన్స్ అయినవాడినీ, కావాలని అవే రెండు ఎగ్గొట్టినవాడినీ అది ఒకే వరుసలో నిలబెడుతుంది. ఇది అన్యాయమని నేను గట్టిగా అంటాను.

అందుకే ఫైలు కట్టేముందు రిపోర్టు తెప్పిస్తాను. 2017 నుంచి ఏటా ఒకటి ఉచితం. తీరిపోయిన బాకీ ఇంకా ఉన్నట్టు కనిపిస్తే ఎన్‌ఓసీ జతచేసి సరిచేయిస్తాను. డౌన్ పేమెంట్ ఎక్కువ కట్టమంటాను. ఫ్లాట్ రేటు చెబితే ఆగమంటాను: నాలుగేళ్లకు ఫ్లాట్ 10 శాతమంటే, తగ్గే అసలు మీద లెక్కేస్తే 17 శాతం దాటుతుంది. అంటే నెలకు నూటికి దాదాపు రూపాయిన్నర.

2025 జనవరి నుంచి వాయిదాల లెక్క పదిహేను రోజులకోసారి రిపోర్టులోకి ఎక్కాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. కష్టపడి సర్దుకున్నవాడికి ఇది మేలు. బీసీ పుస్తకానికి మాత్రం ఇప్పటికీ ఆ రిపోర్టులో చోటు లేదు. నేను దాని జిరాక్సు ప్రతి ఫైల్లో పెడుతూనే ఉన్నాను. చిన్న ఫైనాన్స్ కంపెనీల్లో కొందరు మేనేజర్లు దాన్ని తెరిచి, సంతకాలు చూసి, కారఖానాకు ఫోన్ చేసి అడుగుతున్నారు.