రాష్ట్రపతి ఎన్నికపై సవాల్: మన ఎమ్మెల్యేలకు ఉన్న హక్కేంటి?

నిజామాబాద్, బోధన్ ఓటర్లు రాష్ట్రపతిని నేరుగా ఎన్నుకోరు. వారు గెలిపించిన ఎమ్మెల్యేలు, ఎంపీలే ఓటేస్తారు. తెలంగాణలో ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ 132. 1971 జనాభాను 119 సీట్లతో, ఆపై వెయ్యితో భాగిస్తే వచ్చే లెక్క ఇది. నిజామాబాద్ టౌన్ ఎమ్మెల్యేకైనా, చెరుకు ప్రాంతమైన బోధన్ ఎమ్మెల్యేకైనా అదే విలువ.

ఫలితం ఎవరు ప్రకటిస్తారు?

ఎమ్మెల్యేలు హైదరాబాద్‌లోని అసెంబ్లీలో రహస్య బ్యాలెట్‌పై ఓటేస్తారు. పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేదు. బ్యాలెట్ బాక్సులు ఢిల్లీకి చేరాక పార్లమెంట్ భవనంలో లెక్కిస్తారు. ఫలితాన్ని రిటర్నింగ్ అధికారి ప్రకటిస్తారు. లోక్‌సభ, రాజ్యసభ సెక్రటరీ జనరల్స్ వంతులవారీగా ఈ బాధ్యత చూస్తారు. తర్వాత గెజిట్‌లో ప్రచురిస్తారు. దీనికి సభల ఆమోదం అక్కర్లేదు.

అమెరికాలో ఎలా?

అక్కడ జనవరి 6న రెండు సభలు కలిసి కూర్చొని రాష్ట్రాల ఎలక్టోరల్ ఓట్లను లెక్కిస్తాయి. గతంలో ఒక్కో సభ నుంచి ఒక్కరు సంతకం చేస్తే చాలు, అభ్యంతరం చర్చకు వచ్చేది. 2021లో అరిజోనా, పెన్సిల్వేనియా ఓట్లపై అలా వచ్చినవి వీగిపోయాయి. 2022 చట్టంతో ప్రతి సభలో ఐదో వంతు సభ్యుల సంతకాలు తప్పనిసరి అయ్యాయి.

ఇక్కడ సవాల్ ఎక్కడ?

రాజ్యాంగం 71వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టులోనే. పోటీ చేసిన అభ్యర్థి గానీ, కనీసం 20 మంది ఎమ్మెల్యేలు, ఎంపీలు కలిసి గానీ 30 రోజుల్లోపు పిటిషన్ వేయాలి. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలోని 9 మంది ఎమ్మెల్యేలు ఏకమైనా చాలరు. లంచం, అనుచిత ఒత్తిడి, ఫలితాన్ని మార్చేసిన ఓట్ల తప్పిదాలు వంటివే కారణాలుగా చూపాలి.

హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ 1967లో కోకా సుబ్బారావుపై గెలిచినప్పుడు కేసు పడింది, నిలవలేదు. 1969లో నీలం సంజీవరెడ్డిని ఓడించిన వి.వి. గిరి పదవిలో ఉండగానే కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారు. ఆ పిటిషన్లనూ 1970లో కొట్టేశారు.

ఒకవేళ ఎన్నిక చెల్లదని తీర్పొచ్చినా, అప్పటిదాకా రాష్ట్రపతి చేసిన సంతకాలు రద్దు కావు. సామాన్య ఓటరుకు మాత్రం పిటిషన్ వేసే వీలు లేదు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో వేసే ఓటే రాష్ట్రపతి ఎన్నికలో అతని వాటా.