దుమ్ము మింగిన గొంతు

2001 సెప్టెంబరు 11, మంగళవారం. న్యూయార్క్‌లో ఆకాశం నీలంగా, తేటగా ఉంది. బ్రాడ్‌వే మీద, వాల్ స్ట్రీట్ మొదలయ్యే చోట ట్రినిటీ చర్చి. 1846 నాటి గోధుమరంగు రాతి కట్టడం. అప్పటి వేల్స్ ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్ ప్రసంగాల రికార్డింగు కోసం ఆ పూట అక్కడికే, చర్చి వాళ్ల భవనానికి వచ్చి ఉన్నాడు.

8.46కి దగ్గర్లోని జంట టవర్లలో ఒకదాన్ని మొదటి విమానం ఢీకొట్టింది. 9.03కి రెండోది. 9.59కి దక్షిణ టవర్ కూలింది.

నూటపది అంతస్తుల సిమెంటు, గాజు, జిప్సం పొడై వీధుల్లోకి దూసుకొచ్చింది. పట్టపగలే చీకటి పడింది. ముందు మనిషి కనిపించక, ఊపిరాడక జనం దొరికిన తలుపులో దూరారు. కొందరు ట్రినిటీ చర్చిలో తలదాచుకున్నారు. వాళ్లతోపాటే ఆ ధూళీ లోపలికి వచ్చింది. 10.28కి రెండో టవర్ కూడా నేలమట్టమైంది. ట్రినిటీ వాళ్లదే అయిన సెయింట్ పాల్స్ చాపెల్ ఆవరణలో దాదాపు వందేళ్ల వయసున్న చెట్టు ఒకటి శిథిలాల దెబ్బకు వేళ్లతో సహా ఒరిగిపోయింది.

దాదాపు మూడు వేల ప్రాణాలు పోయిన రోజున ఒక వాద్యం సంగతి ఎవరికి పట్టాలి? పట్టలేదు. తర్వాత చూసుకుంటే, ట్రినిటీ పైపు ఆర్గన్ వాయించడానికి పనికిరాకుండా పోయింది.

దుమ్ము పడితే తుడుచుకోవచ్చు కదా అనిపిస్తుంది. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల చుట్టూ బతికే మనకు దుమ్ము కొత్తేమీ కాదు. చిట్కుల్‌లో పొద్దున తుడిచిన కిటికీ రెక్క మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. కానీ ఆర్గన్ దుమ్మును పైన వేసుకుని ఊరుకునే సామాను కాదు, లోపలికి పీల్చుకునేది. లింగంపల్లి సురభి కాలనీలో కాలి హార్మోనియం చూసినవాళ్లకు దీని ఒడుపు తొందరగా తెలుస్తుంది: తిత్తిలో గాలి, మెట్టు నొక్కితే ఆ గాలికి దారి, దారి చివర స్వరం. ఆర్గన్‌లో తిత్తి పనిని మోటారు బ్లోయర్ చేస్తుంది. స్వరానికో గొట్టం, ఒక్కో రకం గొంతుకు ఒక్కో వరస. మంద్రస్థాయి షడ్జమానికి ఎనిమిది అడుగుల గొట్టం కావాలి. దాని కింది స్థాయికి పదహారు. పెద్ద ఆర్గన్లలో ముప్పై రెండు అడుగులది కూడా ఉంటుంది. దాని అదురు సెకనుకు పదహారే, చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తుంది. ఈ వేల గొట్టాల కింద తోలు కవాటాలు, కొన్నిటిలో సన్నని ఇత్తడి నాలుకలు. గాలితోపాటు సిమెంటు పొడి వాటి మధ్యకు చేరితే వాద్యం మొత్తాన్ని విప్పాల్సిందే.

విప్పి బాగుచేయడమంటే ఏమిటో పారిస్ వాళ్లను అడగాలి. 2019 ఏప్రిల్‌లో నోత్రదామ్ తగలబడింది. ఆర్గన్‌కు మంట అంటలేదు గానీ సీసం ధూళి పట్టింది. సుమారు 8,000 గొట్టాలున్న వాద్యాన్ని విప్పి, కడిగి, మళ్లీ బిగించి, శ్రుతి చేసి వినిపించేసరికి 2024 డిసెంబరు వచ్చింది.

ట్రినిటీ అప్పటి సంగీత దర్శకుడు ఓవెన్ బర్డిక్ ఇంకో దారి పట్టాడు. మసాచుసెట్స్‌లో డగ్లస్ మార్షల్, డేవిడ్ ఓగల్‌ట్రీ అని ఇద్దరు ఆర్గనిస్టులు. అసలు గొట్టాల ధ్వనుల్ని ఒక్కొక్కటిగా రికార్డు చేసి కంప్యూటర్లలో నింపి, మెట్టు నొక్కగానే పలికించే వాద్యం అప్పట్లో తయారుచేస్తున్నారు. వాళ్ల మొదటి వాద్యం, ఓపస్ 1, 2003లో ట్రినిటీకి చేరింది. ముందు తాత్కాలిక ఏర్పాటే అనుకున్నారు. ఏళ్లు గడిచాయి. గొట్టాల్లేని ఆర్గన్ ఏమిటని సంప్రదాయవాదులు మండిపడ్డారు. వాళ్ల కోపంలో న్యాయం లేదనను. స్పీకర్ అట్ట అదరడం వేరు, ముప్పై రెండడుగుల గొట్టంలో గాలి లేవడం వేరు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే ఇంగ్లండ్‌లో మార్టిన్ డైడ్ అనే ఆయన ఇదే పనిని ఇంట్లో కంప్యూటరుకు దించాడు. ఆ సాఫ్ట్‌వేర్ పేరు హాప్ట్‌వెర్క్. అసలు కష్టం మాత్రం ఇంట్లో కాదు, చర్చిలో. ఊరు సద్దుమణిగాక, అర్ధరాత్రి మైకులు పెడతారు. ఒక మెట్టు నొక్కి కొన్ని సెకన్లు పట్టి ఉంచుతారు. వదులుతారు. ఆ నాదం గోడల్లో తిరిగి తిరిగి పూర్తిగా అణిగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతారు. మధ్యలో బయట లారీ పోయిందా, మళ్లీ మొదటికి. తర్వాత పక్క మెట్టు. ఆ వరస అయ్యాక ఇంకో వరస.

ఈ విద్యలో కీలకమంతా ఆ వదిలిన తర్వాతి భాగంలోనే ఉంది. స్వరం మొదలును, నడకను పట్టుకోవడం పెద్ద పనేం కాదు, పాత సింథసైజర్లూ ఎంతోకొంత చేశాయి. చెయ్యి తీశాక చర్చి గది ఆ స్వరాన్ని ఏం చేస్తుందన్నదే అసలును నకలు నుంచి విడదీస్తుంది. చిటుక్కున వదిలినప్పటి మార్మోత, నిలిపి వదిలినప్పటి మార్మోత ఒకటి కావు. అందుకని మంచి రికార్డింగు సెట్లలో ఒక్కో గొట్టానికి రెండు మూడు రకాల ముగింపులు ఉంటాయి.

లెక్క చూడండి. 24 బిట్లు, 48 కిలోహెర్ట్‌జ్, స్టీరియో అయితే సెకనుకు 288 కిలోబైట్లు. రెండు వేల గొట్టాలు, గొట్టానికి పది సెకన్ల చొప్పున వేసుకున్నా దాదాపు ఆరు గిగాబైట్లు. ఇదంతా ర్యామ్‌లో సిద్ధంగా ఉండాలి. పది వేళ్లు, ఇరవై వరసలు కలిస్తే ఒకేసారి రెండు వందల గొంతులు. వెనుక స్వరాల తోకలు ఇంకా అణగవు కాబట్టి అవీ కలుస్తాయి.

చిట్కుల్‌లో మా గదికి ఈ సంగీతం వచ్చింది గ్రాండ్ఆర్గ్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా. అది ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. మామూలు సౌండ్ డ్రైవర్‌తో మెట్టు నొక్కితే స్వరం ఒక క్షణం ఆగి వచ్చేది. ఆ తడబాటుకు తాళం తప్పేది. ఆలస్యం తగ్గించే ఏసియో డ్రైవర్ వేసి, బఫర్ తగ్గించాక వేలూ నాదమూ కలిశాయి. హైవే మీద ట్రైలర్లు హోరుమంటుంటే, ఎక్కడో స్వీడన్‌లో బూరెయో అనే ఊరి చర్చి గాలి హెడ్‌ఫోన్లలో కదిలింది. స్పీకర్లలో ఆ అందం సగం పోతుంది. రికార్డులో చర్చి గది ఎలాగూ ఉంది, దాని మీద మన ఇరుకు గది మోత కూడా చేరి చెడగొడుతుంది. చర్చిలోనే వాయించేవాళ్లు మార్మోత లేని రికార్డులు వాడితే ఈ బాధ లేదు, మార్మోత ఆ కట్టడమే ఇస్తుంది.

ట్రినిటీ చివరికి గొట్టాల దగ్గరికే తిరిగి వెళ్లింది. గ్లాటర్-గోట్జ్ అనే జర్మన్ సంస్థతో కొత్త పైపు ఆర్గన్ చేయించుకుంది. అంత చర్చి, అంత డబ్బు ఉన్నవాళ్లకు అదే సరైన పని. మనకు మాత్రం కంప్యూటరే దారి. మీ ఊరి చర్చిలో వాడే 61 మెట్ల కీబోర్డుకు కంప్యూటరుతో కలిపే యూఎస్‌బీ ఉంటే చాలు, మొదలుపెట్టొచ్చు. ముందు బూరెయో లాంటి చిన్న ఉచిత సెట్ దించుకోండి. డబ్బులుంటే స్పీకర్లకు కాదు, మొదట ర్యామ్‌కు పెట్టండి.