స్పానిష్‌లో తేదీలు

స్పానిష్ భాషలో తేదీని రోజు, నెల, సంవత్సరం వరుసలో చెబుతారు. వీటి మధ్య ‘దె’ చేరుతుంది: 2024 ఆగస్టు 15 అంటే ‘ఎల్ కిన్సె దె అగోస్తో దె దోస్ మిల్ బెయింతిక్వాత్రో’. తేదీకి ఒకటి, రెండు వంటి మామూలు సంఖ్యలే వాడతారు. ఒకటో తారీఖును మాత్రం లాటిన్ అమెరికాలో ‘ప్రిమేరో’ (మొదటిది) అంటారు. స్పెయిన్‌లో ‘ఊనో’ (ఒకటి) కూడా వాడుకలో ఉంది.

లూనెస్, మార్తెస్, మియెర్కొలెస్, హ్వేబెస్, బియెర్నెస్ అనే వారాల పేర్లు తెలుగులో లాగే వరుసగా చంద్రుడు, కుజుడు, బుధుడు, గురువు, శుక్రుల నుంచి వచ్చాయి. శనివారం సాబదో, ఆదివారం దొమింగో. ‘ఎల్ లూనెస్’ అంటే సోమవారం నాడు, ‘లోస్ లూనెస్’ అంటే ప్రతి సోమవారం. వాక్యం మధ్యలో వారాల, నెలల పేర్లను చిన్న అక్షరంతో మొదలుపెడతారు.