పుస్తకసారం పుట్టిన వైనం

ఒక రచనలో అసలు సరుకు ఎంత, దాన్ని ఎంతలో చెప్పవచ్చు అన్న ప్రశ్నకు జీవితాన్నే ధారపోసిన మనిషి డెవిట్ వాలెస్. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, సెయింట్ పాల్‌లో 1889లో పుట్టాడు. తండ్రి మకాలెస్టర్ కాలేజీ అధ్యక్షుడు. కొడుకు మాత్రం ఏ కాలేజీలోనూ చదువు పూర్తి చేయలేదు, కానీ పత్రిక కనిపిస్తే వదిలేవాడు కాదు. కొలరాడోలో బంధువుల బ్యాంకులో పనిచేసిన రోజుల్లోనే, చదివిన వ్యాసంలో గుర్తుంచుకోదగ్గ సంగతులు చీటీల మీద రాసి దాచుకునే అలవాటు చేసుకున్నాడు.

తర్వాత వ్యవసాయ పుస్తకాలు వేసే ఒక సంస్థలో చేరాడు. అప్పట్లో ప్రభుత్వం రైతుల కోసం బోలెడన్ని చిన్న పుస్తకాలు ఉచితంగా వేసేది. అవి ఉన్నాయన్న సంగతే చాలామంది రైతులకు తెలిసేది కాదు. వాలెస్ వాటిని వెతికి పట్టుకుని, దేనిలో ఏముందో రెండు ముక్కల్లో చెబుతూ 1916లో ఒక పుస్తకం తెచ్చాడు. కారులో ఊరూరా తిరిగి, మీ ఖాతాదారులకు పంచండని బ్యాంకులకు అమ్మాడు. లక్ష ప్రతుల దాకా పోయాయి. రైతుకు పనికొచ్చింది మామూలు పాఠకుడికి ఎందుకు పనికిరాదు అన్న ఆలోచన ఆ తిరుగుళ్లలోనే తట్టింది.

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1918లో ఫ్రాన్సులో ఫిరంగిగుండు ముక్కలు ఒంట్లో దిగి నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. చేతికందిన అమెరికన్ పత్రికలు తీసుకుని, ఏ వాక్యం కొట్టేస్తే అర్థం చెడకుండా ఉంటుందో చూసుకుంటూ వ్యాసాలను కుదించడం మొదలుపెట్టాడు. ఇంటికి వచ్చాక మినియాపొలిస్ పబ్లిక్ లైబ్రరీలో ఆరు నెలలు అదే పని. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనవి ఆ ఆరు నెలలే. ఎందుకంటే అతను అక్కడ నేర్చుకున్నది ‘ఈ వ్యాసం ఫలానా సంగతి చెబుతోంది’ అని పక్కన నిలబడి చెప్పే విద్య కాదు. రచయిత మాటల్ని రచయితవిగానే ఉంచాలి. ఉపోద్ఘాతం తీసేయాలి, చెప్పిందే చెప్పిన చోటు తీసేయాలి, ఒక మాటకు మూడు ఉదాహరణలుంటే మంచిదాన్ని ఉంచి రెండు తీసేయాలి. చదివేవాడికి కుట్టు కనబడకూడదు. అలా కుదించాలంటే ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది ఇక్కడ ఏం పని చేస్తోందని అడగక తప్పదు. అంతకన్నా శ్రద్ధగా చదవడం ఎలాగో నాకైతే తెలియదు.

1920 జనవరిలో 31 వ్యాసాలతో నమూనా సంచిక అచ్చువేయించి ప్రచురణకర్తలకు పంపాడు. ఒక్కరూ ముందుకు రాలేదు. ఆ ఆలోచనను మొదట నమ్మిన మనిషి లైలా అచెసన్, ఉద్యోగినులైన మహిళల సంక్షేమం కోసం పనిచేస్తున్న యువతి. 1921 అక్టోబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని ప్లెజెంట్‌విల్‌లో ఇద్దరికీ పెళ్లయింది. చందా కట్టండి, నచ్చకపోతే డబ్బు వాపసు ఇస్తామంటూ ఉత్తరాలు పంపి హనీమూన్‌కు వెళ్లారు. తిరిగి వచ్చేసరికి దాదాపు 1,500 చందాలు ఎదురుచూస్తున్నాయి. ఇక ఏ ప్రచురణకర్త దయా అక్కర్లేకపోయింది.

‘రీడర్స్ డైజెస్ట్’ మొదటి సంచిక 1922 ఫిబ్రవరిలో వచ్చింది. 5,000 ప్రతులు, వెల 25 సెంట్లు, నెలలో రోజుకొకటి చొప్పున చదువుకునేట్టు 31 వ్యాసాలు. ఆఫీసు గ్రీనిచ్ విలేజ్‌లో, మద్యనిషేధం రోజుల్లో చాటుగా సారా అమ్మే దుకాణం కింది నేలమాళిగ. పత్రికలన్నీ కొనే స్తోమత లేక వాలెస్ న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని, పసుపుపచ్చ కాగితాల మీద చేత్తోనే కుదించి రాసేవాడు. మొదటి సంచికలోని మొదటి వ్యాసం మనసును ముసలితనం నుంచి కాపాడుకోవడం గురించి. అది టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఆలోచనలతో వచ్చిన వ్యాసానికి కుదింపు. ఆ ఏడాది ఆగస్టులోనే బెల్ కన్నుమూశాడు.

1934 చివర్లో పుస్తకాల వంతు వచ్చింది. నెలనెలా సంచికలో ఒక పుస్తకం సంక్షిప్తంగా వేయసాగారు. 1950లో కుదించిన పుస్తకాలనే కొన్ని కలిపి సంపుటాలుగా తేవడం మొదలైంది. పత్రిక భారతీయ ముద్రణ 1954లో వచ్చింది. మన ఇళ్లలో ఇంగ్లిష్ పట్టుబడాలని పిల్లల చేత చదివించిన తల్లిదండ్రులు ఎందరో.

ఈ కాలంలో కుదింపు ఫోన్‌లోకీ చేరింది. 2012లో బెర్లిన్‌లో నలుగురు స్నేహితులు బ్లింకిస్ట్ అనే సంస్థ పెట్టారు. పేరున్న కథేతర పుస్తకంలోని ముఖ్యాంశాలను పావుగంటలో చదివేలా, వినేలా ఫోన్‌లో అందిస్తుంది. 2023లో ఆస్ట్రేలియాకు చెందిన గో1 సంస్థ దాన్ని కొన్నది. ఇక్కడ పద్ధతి మారింది. రచయిత వాక్యాలు ఉండవు. వేరొకరు చదివి, సారాంశాన్ని తమ మాటల్లో కొత్తగా రాస్తారు. బస్సులో కూర్చుని ఏ పుస్తకం కొనాలో తేల్చుకోవడానికి ఇది మంచి సాధనమే. కానీ ఆలోచన ఒంటబట్టాలంటే చాలదని నా అభిప్రాయం.

డేనియల్ కానెమన్ 2011లో రాసిన ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’నే తీసుకోండి. మన ఆలోచన రెండు తీరులుగా సాగుతుంది, ఒకటి చటుక్కున తేల్చేది, మరొకటి నిదానంగా లెక్క చూసేది అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. విన్నవాళ్లు తలూపి వెళ్లిపోతారు. ఆ పుస్తకంలో ఒక లెక్క ఉంది. మన రూపాయల్లో చెప్పుకుంటే, బ్యాటూ బంతీ కలిపి 110. బంతి కన్నా బ్యాటు 100 ఎక్కువ. మరి బంతి ఎంత? నోటికి వెంటనే వచ్చేది 10. బంతి 10 అయితే బ్యాటు 110, మొత్తం 120 అవుతుంది. సరైన జవాబు 5. తన నోటి నుంచే ఆ 10 జారిపడ్డాక, చటుక్కున తేల్చే బుద్ధి అంటే ఏమిటో పాఠకుడికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఈ పుస్తకాన్ని ఒక్క పేజీకి కుదించమంటే, నేనైతే నిర్వచనం తీసేసి ఆ లెక్క ఉంచుతాను.