లండన్ పొగమంచు - మోనే చిత్రాలు

1874లో పారిస్ నగరంలో కొందరు చిత్రకారులు ఒక ప్రదర్శన ఏర్పాటు చేసినారు. అందులో క్లోడ్ మోనే తన సూర్యోదయ చిత్రానికి ‘ఇంప్రెషన్’ అని పేరు పెట్టినాడు. చూచిన క్షణంలో మనస్సుపై పడిన ముద్ర అని దాని భావం. ఒక విమర్శకుడు ఈ మాటను పట్టుకొని ఎగతాళి చేయగా, అదే ఆ చిత్రకారులకు పేరుగా స్థిరపడినది. వస్తువుతోపాటు దానికీ కంటికీ నడుమనున్న గాలినీ వెలుతురునూ చిత్రించడం మోనే ధ్యేయం.

ఇందుకు లండన్ నగరం అతనికి చక్కని అవకాశమిచ్చినది. 1899-1901 మధ్య మూడు పర్యాయాలు అక్కడకు వెళ్లి, హోటలు గది నుండి థేమ్స్ నదిపై వంతెనలను, ఎదుటి ఒడ్డున ఆసుపత్రి నుండి పార్లమెంటు భవనాన్ని చిత్రించినాడు. వెలుతురు మారగానే ఒక చిత్రాన్ని ప్రక్కన పెట్టి మరొకటి అందుకొనేవాడు. ఇట్లా సుమారు నూరు చిత్రాలు మొదలైనవి. వాటిలో పార్లమెంటు గోపురాలు అంచులు కరగిన నీడలవలె కనిపిస్తవి.

ఇది కేవలం చిత్రకారుని కల్పనయేనా? గాలిలోని అణువులు నీలికాంతిని ఎక్కువగా చెదరగొడతవి. పొగలోని రేణువులు, మంచు తుంపరలు అణువులకంటె ఎన్నో రెట్లు పెద్దవి. తుంపరలు అన్ని రంగుల కాంతినీ ఇంచుమించు సమంగా చెదరగొడతవి. అందుచేత దూరపు వస్తువులలో వెలుగునీడల భేదం తగ్గి, అంచులు మసకబారుతవి.

లండన్‌లో ఈ పొగకు మూలం ఇండ్లలోను, కర్మాగారాలలోను మండే నేలబొగ్గు. ఈ సంగతి మోనేకు తెలియనిది కాదు. 1900 మార్చిలో ఒక ఆదివారం ఉదయం లేవగానే పొగమంచు జాడ లేకపోవడం చూచి, తన చిత్రాలకు ముప్పు వచ్చినదని బెదరినాడు. క్రమంగా ఇండ్లలో నిప్పు రాజుకొని పొగ మరల కమ్మినదని భార్యకు జాబు వ్రాసినాడు.

అయితే ఈ చిత్రాలను మోనే ఫ్రాన్సులోని తన ఇంట పూర్తిచేసి, 1904లో 37 చిత్రాలను ప్రదర్శించినాడు. మరి వాటిని సాక్ష్యంగా తీసికొనవచ్చునా? 2006లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పార్లమెంటు చిత్రాలలో సూర్యుడున్న చోటును ఖగోళ గణనలతో పోల్చిచూచినారు. వచ్చిన తేదీలు మోనే జాబులతో సరిపోయినవి. 2023లో వెలువడిన మరొక పరిశోధన, బొగ్గుపొగ పెరిగినకొద్దీ టర్నర్, మోనేల చిత్రాలలో వెలుగునీడల భేదం తగ్గినదని చూపినది.

అందమైన ఆ పొగ ప్రాణాంతకం కూడ. 1952 డిసెంబరులో లండన్‌ను ఐదు రోజులు కమ్మిన పొగమంచు వేలమందిని బలిగొన్నది. 1956లో ప్రభుత్వం చట్టం చేసి బొగ్గుపొగను అరికట్టసాగినది. మోనే కాలంలో గాలిని కొలిచిన లెక్కలు బహు స్వల్పం. ఆ లోటును కొంతవరకు అతని చిత్రాలే తీరుస్తున్నవి.